ఇంటి కంప్యూటరు – ఎంపికలో వివేకం

ఒకప్పుడు ఇంట్లో కంప్యూటరు ఉండటమే ఒక విశేషం. ముందుగదిలో బల్లపై దానిని ప్రతిష్ఠించి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, దసరా ఆయుధపూజనాడు దానికీ బొట్టు పెట్టిన కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఆ యంత్రం చాలాకాలం ఒంటరిగానే ఉండేది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించిన తరువాత కూడా, టెలిఫోను తీగ ద్వారా కాసేపు బయటి ప్రపంచంతో మాట్లాడి, పని ముగియగానే మళ్ళీ తన మూలన తాను ఉండేది. నేటి స్థితి వేరు. సామాన్య మధ్యతరగతి ఇంట్లో సైతం రెండు మూడు సెల్‌ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక పాత డెస్క్‌టాప్, ఒక టీవీ, ఒక ప్రింటరు, కొన్నిచోట్ల గుమ్మం మీద ఒక కెమెరా ఉంటున్నాయి. ఇవన్నీ ఒకే రౌటరుతో అనుసంధానమై, పగలూ రాత్రీ ఇంటర్నెట్‌తో సంబంధం కలిగి ఉంటున్నాయి. నాటి ఒంటరి యంత్రం నేడు ఉమ్మడి కుటుంబంలో ఒక సభ్యురాలు.

ఉమ్మడి కుటుంబంలో ఒకరి అజాగ్రత్త అందరికీ చేటు తెస్తుంది. ఇంటి నెట్‌వర్క్ విషయంలోనూ ఇదే ధర్మం వర్తిస్తుంది. అయినా చాలా ఇళ్ళలో రౌటరు సంగతిని తీగ లాగడానికి వచ్చిన మనిషికి వదిలేస్తారు. కంప్యూటరులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్న సంగతిని అమ్మిన దుకాణానికి వదిలేస్తారు. ఈ రెండూ వేర్వేరు విషయాలనీ, రెండూ నిపుణుల వ్యవహారాలేననీ భావిస్తారు. నిజానికి ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు పార్శ్వాలు. ఇంట్లోని యంత్రాలన్నీ ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు, వాటిలో ఏ ఒక్కదానికి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకున్నా అది ఇల్లంతటి క్షేమానికి సంబంధించిన నిర్ణయమే అవుతుంది. ఆ నిర్ణయం వేలంవెర్రితోనో, బద్ధకంతోనో కాక, ఆలోచనతో జరగాలి.

ఈ ఆలోచన తక్షణావసరం కావడానికి ఒక కారణం ఉంది. 2015 జూలైలో విడుదలైన విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతును నిలిపివేసింది. అంతకుముందు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఇదే జరిగింది. మద్దతు నిలిచిన మరునాడు కంప్యూటరు ఆగిపోదు. ఎప్పటిలాగే వెలుగుతుంది, ఎప్పటిలాగే పనిచేస్తుంది. అందువల్లనే ప్రమాదం కంటికి కనిపించదు. ఆగిపోయేది యంత్రం కాదు, దానికి ఎప్పటికప్పుడు జరిగే మరమ్మతు.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. విశ్రాంత ఉపాధ్యాయుడైన తాతగారు, దుకాణాల లెక్కలు రాసే కుమారుడు, ఇంటర్మీడియెట్ చదివే మనుమరాలు ఆ ఇంటివారు. తాతగారి గదిలో తొమ్మిదేళ్ళ నాటి డెస్క్‌టాప్ ఒకటి ఉంది. మద్దతు ముగిసిందన్న సందేశం ఒకనాడు తెరపై కనిపించింది. దుకాణదారుని అడిగితే, "దీని పని అయిపోయింది మాస్టారూ, కొత్తది తీసుకోండి" అన్నాడు. కుమారుని స్నేహితుడు వచ్చి, "లినక్స్ వేసేద్దాం బాబాయిగారూ, పైసా ఖర్చుండదు" అన్నాడు. చూడవచ్చిన బావమరిది, "నడుస్తున్నదాన్ని కదపడమెందుకు బావా, లేనిపోని తలనొప్పి" అన్నాడు. కొత్తది కొనడం, వేరేది వేయడం, ఉన్నదాన్ని అలాగే ఉంచడం అనే ఈ మూడు సలహాలూ ఇలాంటి సందర్భంలో ప్రతి ఇంటా వినిపించేవే. ఒక్కొక్కదానిలో కొంత నిజం ఉంది. అయితే సలహా ఇచ్చిన ముగ్గురిలో ఎవరూ ఆ ఇంట్లో ఏ యంత్రం ఏ పని చేస్తున్నదో అడగలేదు.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో తెలుసుకోవడం మంచిది. కంప్యూటరులోని ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, హార్డ్‌డిస్కు, కీబోర్డు, తెర ఇవన్నీ వేటికవి విడివిడి అంగాలు. వాటిని సమన్వయపరచి, ఏ ప్రోగ్రాముకు ఎంత జ్ఞాపకస్థలం ఇవ్వాలో, ఏ ఫైలు ఎక్కడ దాచాలో, ఎవరికి ఏ అధికారం ఉండాలో నిర్ణయించే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. ఇంటి పెద్ద వంటిదది. బయటినుండి వచ్చిన ప్రతి అభ్యర్థననూ ముందుగా చూసేది అదే. కోట్లాది వాక్యాల సంకేతాలతో నిర్మితమైన ఇంత పెద్ద కట్టడంలో లోపాలు లేకుండా ఉండటం అసాధ్యం. ఒక్కొక్క లోపం బయటపడినప్పుడల్లా దానిని పూడ్చే చిన్న సవరణను తయారుచేసినవారు పంపుతారు. ఇదే రక్షణ అప్‌డేట్. మద్దతు ముగియడమంటే ఈ సవరణలు ఆగిపోవడం. ఆ తరువాత బయటపడే ప్రతి లోపమూ మూయని కిటికీగానే మిగిలిపోతుంది.

ఇప్పుడు ఇంటి నెట్‌వర్క్ సంగతి చూడాలి. ఇంటర్నెట్‌లో ప్రతి అనుసంధానానికీ ఒక సంఖ్యారూప చిరునామా అవసరం. మొదట రూపొందిన పద్ధతిలో ఇటువంటి చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే సాధ్యం. ప్రపంచంలోని యంత్రాలన్నింటికీ అవి చాలవు. కనుక ఇంటి లోపల మాత్రమే చెల్లే చిరునామాలను కొన్నింటిని ప్రత్యేకించారు. 192.168 అంకెలతో మొదలయ్యే చిరునామాలు అటువంటివే. రౌటరు ఇంటి మొత్తానికి బయట ఒకే చిరునామాను చూపి, లోపలి యంత్రాలకు వేర్వేరు చిరునామాలను ఇస్తుంది. వీధిలోని తపాలా ఉద్యోగికి తెలిసేది ఇంటి నంబరు ఒక్కటే. ఉత్తరం తాతగారిదో మనుమరాలిదో లోపలివారు చూసి అందిస్తారు. రౌటరు చేసే పని ఇటువంటిదే.

ఈ అమరికవల్ల ఒక మేలు ఉంది. లోపలినుండి ఎవరూ పిలవకుండా బయటివారు నేరుగా లోపలి యంత్రాన్ని తాకడం కష్టం. అయితే ఒక అపాయమూ ఉంది. ఇంటి లోపలి యంత్రాలు సాధారణంగా ఒకదానినొకటి నమ్ముతాయి. ప్రింటరును పంచుకుంటాయి, ఫైళ్ళను ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటిలో ఒక్కటి దుష్ట సాఫ్ట్‌వేరు బారిన పడితే, ఇక దాడి బయటినుండి రానక్కరలేదు. వీధి తలుపుకు ఎంత గట్టి గడియ ఉన్నా, లోపలి గదిలో దూరినవాడిని అది ఆపలేదు.

ఈ మాట భయపెట్టడానికి చెప్పినది కాదు, అనుభవం నేర్పినది. 2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట సాఫ్ట్‌వేరు ప్రపంచాన్ని కుదిపివేసింది. విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్ళను పంచుకొనే పద్ధతిలోని ఒక లోపాన్ని ఆధారం చేసుకొని అది ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తనంత తానే పాకింది. ఫైళ్ళకు తాళం వేసి, తాళం తీయాలంటే డబ్బు చెల్లించాలని తెరపై హెచ్చరించింది. కొద్ది రోజులలోనే సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారినపడ్డాయి. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులలో వేలాది రోగుల వైద్య సందర్శనలు రద్దయ్యాయి. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14ననే, అంటే రెండు నెలల ముందే విడుదల చేసింది. నష్టపోయినవారిలో అత్యధికులు మద్దతు ఉన్న సిస్టమ్‌ను వాడుతూ కూడా ఆ సవరణను స్వీకరించనివారే. మద్దతు ఉండటం ఒక ఎత్తు, దానిని స్వీకరించడం మరొక ఎత్తు.

కంప్యూటర్లు మాత్రమే బలహీనమైనవి కావు. 2016లో మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేరు ఇళ్ళలోని కెమెరాలను, రౌటర్లను వెదకి వశపరచుకుంది. దాని ఉపాయం అతి సులభం. ఆ పరికరాలు కర్మాగారం నుండి వచ్చేటప్పుడు వాటికి ఉండే పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా ప్రయోగించి చూడటమే. చాలామంది వాటిని మార్చలేదు కనుక తలుపులు తెరుచుకున్నాయి. అలా వశమైన పరికరాలన్నీ కలిసి 2016 అక్టోబరు 21న అమెరికాలోని ఒక ముఖ్యమైన ఇంటర్నెట్ సేవాసంస్థపై దాడి చేయగా, ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందుబాటులో లేకుండా పోయాయి. తమ గుమ్మం మీది కెమెరా మరొక దేశంపై దాడిలో పాల్గొన్నదని ఆ ఇళ్ళవారిలో చాలామందికి తెలియనే తెలియదు. ఇంటి నెట్‌వర్క్‌ను శుభ్రంగా ఉంచుకోవడం సొంత లాభమే కాక, పొరుగువారి పట్ల పాటించవలసిన మర్యాద కూడా.

మహాభారతంలోని లక్క ఇంటి కథ తెలియని తెలుగువారు ఉండరు. వారణావతంలో పాండవుల కోసం కట్టిన ఆ భవనం చూపులకు ఎంతో అందమైనది. ప్రమాదం ద్వారం దగ్గర లేదు, గోడలలోనే దాగి ఉంది. విదురుడు మొదటే హెచ్చరించాడు. హెచ్చరికను విన్న పాండవులు రెండు పనులు చేశారు. ఏమరుపాటు లేకుండా కావలి ఉన్నారు. విదురుడు పంపిన ఖనకుని చేత బయటపడే సొరంగం తవ్వించుకున్నారు. కంప్యూటరును ఎంచుకొనే గృహస్థుకు ఈ కథలో గొప్ప పాఠం ఉంది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ను గురించి అయినా మూడు ప్రశ్నలు వేయాలి. దానికి కావలి ఉన్నదా? అది ఇంటివారి పనికి సరిపోతుందా? అవసరమైనప్పుడు దానినుండి బయటపడే దారి ఉన్నదా? పేరుప్రతిష్ఠలు, ఆకర్షణీయమైన తెరలు, ఇరుగుపొరుగుల సలహాలు ఈ మూడింటి తరువాతే.

మొదటి ప్రశ్నను కొలబద్దగా తీసుకుంటే బావమరిది చెప్పిన సలహా నిలవదు. నడుస్తున్నది కదా అన్న తృప్తి, వాన రానంతవరకు పైకప్పు బాగున్నదన్న తృప్తి వంటిది. విండోస్ 10 వాడుతున్న గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ అప్‌డేట్లను పొడిగించే ఒక సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించింది. అది ఆలోచించుకోవడానికి దొరికే గడువే తప్ప శాశ్వత పరిష్కారం కాదు. ఆ సదుపాయం లేకుండా పాత సిస్టమ్‌తోనే కొనసాగదలచినవారు, కనీసం ఆ యంత్రాన్ని ఇంటర్నెట్ నుండి, ఇంటి నెట్‌వర్క్ నుండి విడదీయాలి. ఒంటరిగా ఉన్న పాత యంత్రం ఎవరికీ హాని చేయదు. నలుగురితో కలిసి ఉంటూ జాగ్రత్త పడనిదే చేటు తెస్తుంది.

దుకాణదారుని సలహాను కూడా పరిశీలించాలి. 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 ప్రతి కంప్యూటరునూ అంగీకరించదు. దానికి కనీసం 4 జీబీ జ్ఞాపకశక్తి, 64 జీబీ నిల్వస్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, ఆ సంస్థ ఆమోదించిన ప్రాసెసరు ఉండాలి. సుమారు 2018కి పూర్వపు ప్రాసెసర్లలో అత్యధికం ఆ జాబితాలో లేవు. అందుచేత చక్కగా పనిచేస్తున్న యంత్రాలు కూడా అనర్హమయ్యాయి. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత వ్యాపారికి లాభసాటి. గృహస్థుకు అది వేలాది రూపాయల భారం. పారవేసిన ప్రతి కంప్యూటరులోనూ సీసం వంటి విషలోహాలు ఉంటాయి. అవి చివరకు చేరేది నేలలోకి, నీటిలోకి. కొత్త యంత్రం కొనడం తప్పు కాదు. పాతది నిజంగా పనికిరాదని తేలక ముందే కొనడం తప్పు.

ఇక లినక్స్ సంగతి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి శ్రీకారం చుట్టాడు. సాఫ్ట్‌వేరును ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చునన్నది ఆయన ఆశయం. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ళ లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను రూపొందించి అందరి ముందుంచాడు. ఈ రెండు కృషులూ కలిసి ఒక మహావృక్షమయ్యాయి. ప్రపంచంలోని అత్యంత శక్తిమంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుండి లినక్స్‌తోనే నడుస్తున్నాయి. కోట్లాదిమంది చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్ల అంతరంగం కూడా లినక్సే. గృహస్థులకు అనుకూలంగా తీర్చిదిద్దిన ఉబుంటు, లినక్స్ మింట్ వంటి రూపాలు ఉచితంగా లభిస్తున్నాయి. వీటిలో కొన్ని పాత యంత్రాలపై సైతం చురుకుగా నడుస్తాయి.

మన దేశంలోనూ దీనికి నిదర్శనాలు ఉన్నాయి. కేరళ ప్రభుత్వం తన పాఠశాలలలో కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై నిలబెట్టింది. లక్షలాది విద్యార్థులు అక్కడ లినక్స్‌పైనే మొదటి అక్షరాలు దిద్దుతున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీడాక్ భారతీయ భాషలకు అనువుగా బాస్ అనే లినక్స్ రూపాన్ని తయారుచేసింది. తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ స్వచ్ఛంద కార్యకర్తల కృషితో తెలుగులోనే ఆదేశాలు కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. ఈ కృషిలో ఇంజనీరింగ్ విద్యార్థులు పాలుపంచుకోవడం విశేషం.

అయినా లినక్స్ సర్వరోగ నివారిణి కాదు. లినక్స్ వేస్తే చాలు, వైరస్ రాదన్నది అపోహ. ఉబుంటు దీర్ఘకాలిక రూపాలకు సాధారణంగా అయిదేళ్ళ మద్దతు ఉంటుంది. ఆ తరువాత అక్కడా కొత్తదానికి మారవలసిందే. కావలి ఉన్నదా అన్న ప్రశ్న విండోస్‌కు ఎంత వర్తిస్తుందో లినక్స్‌కూ, చేతిలోని ఫోనుకూ అంతే వర్తిస్తుంది. రెండవ ప్రశ్న ఇక్కడే ముఖ్యమవుతుంది. లెక్కలు రాసేవారు వాడే ట్యాలీ, చిత్రాలను దిద్దేవారు వాడే ఫోటోషాప్ వంటివి లినక్స్ కోసం తయారైనవి కావు. కొన్ని ప్రింటర్లు, కొన్ని ఆటలు దానితో సరిగా పొసగవు. అటువంటి పని మీదే జీవనం సాగించే వ్యక్తికి ఖర్చు లేదన్న ఒక్క కారణంతో లినక్స్‌ను అంటగట్టడం స్నేహధర్మం కాదు. ఉత్తరాలు రాయడం, వార్తలు చదవడం, పాఠాలు వినడం, ఫోటోలు చూడటం వంటి పనులకు మాత్రం అది నిక్షేపంగా సరిపోతుంది.

ఇల్లంతా ఒకే సిస్టమ్ ఉంటేనే యంత్రాలు కలిసి పనిచేస్తాయన్న సందేహం చాలామందికి ఉంటుంది. ఈ సందేహం నిరాధారం. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్, టీసీపీ ఐపీ అనే ఉమ్మడి నియమావళికి మారింది. భిన్న సంస్థల యంత్రాలు, భిన్న సిస్టమ్‌లు ఒకే భాషలో మాట్లాడుకోవాలన్నదే ఆ నియమావళి పరమార్థం. అప్పటినుండి నెట్‌వర్క్ ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. విండోస్ ల్యాప్‌టాప్, లినక్స్ డెస్క్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోను ఒకే రౌటరు కింద కలిసి ఉండి, ఒకే ప్రింటరును పంచుకోగలవు. కనుక ఎంపిక ఇంటికి ఒకటి కాదు, యంత్రానికి ఒకటి. తీరు ఏదైనా కావలి మాత్రం అన్నింటికీ ఉండాలి.

మూడవ ప్రశ్న, బయటపడే దారిని గురించినది. దీని విలువ తెలుగువారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదనవచ్చు. యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగును కంప్యూటరులో రాయడానికి ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఫాంటును తయారుచేసింది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు లిపి ముక్కలను అమర్చడమే నాటి పద్ధతి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగు. లేని యంత్రంలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. అలా టైపు చేసిన కథలు, వ్యాసాలు, స్థానిక చరిత్రలు ఎన్నో నేటి యంత్రాలలో తెరిస్తే చదవడానికి వీలు లేకుండా ఉన్నాయి. రాసినవారు ఉన్నారు, ఫైలు ఉంది, అక్షరం మాత్రం లేదు. తాళపత్రాన్ని చెదపురుగు తింటే కనీసం రంధ్రం కనిపిస్తుంది. ఇక్కడ ఆ ఆనవాలు కూడా ఉండదు.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. యూనికోడ్‌లో రాసిన తెలుగు విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, ఫోనులోనూ తెలుగుగానే ఉంటుంది. అక్షరానికి వర్తించిన ఈ సూత్రమే పత్రానికీ వర్తిస్తుంది. 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఓపెన్ డాక్యుమెంట్ వంటి బహిరంగ రూపాలలో పత్రాలను దాచుకుంటే, ఏ సంస్థ మూతబడినా, ఏ సిస్టమ్ మారినా వాటిని తెరవవచ్చు. ముఖ్యమైన ఫైళ్ళకు రెండవ ప్రతిని ఇంటి నెట్‌వర్క్‌తో సంబంధంలేని ఒక డిస్కులో భద్రపరచాలి. వాన్నాక్రై వంటిది తాళం వేసినా, ఆ డిస్కు జోలికి రాలేదు. పూర్వం లేఖకులు తాళపత్ర గ్రంథాలు శిథిలం కాకముందే ప్రతులు రాసి వేరుచోట దాచడం వల్లనే ప్రాచీన కావ్యాలు నేటికీ మిగిలాయి. సొరంగాన్ని నిప్పంటుకున్న తరువాత తవ్వలేరు.

ఇప్పుడు ఉదాహరణకు తీసుకున్న కుటుంబం దగ్గరికి తిరిగి రావచ్చు. కుమారుని జీవనం ట్యాలీ మీద ఆధారపడి ఉంది. అతని ల్యాప్‌టాప్ కొత్తది కనుక దానిలో విండోస్ 11 ఉండటమే సముచితం. తాతగారి పని తెలుగులో ఉత్తరాలు రాయడం, పత్రికలు చదవడం, దూరదేశంలో ఉన్న కుమార్తెతో మాట్లాడటం. ఆయన డెస్క్‌టాప్‌కు లినక్స్ చాలు. అయితే మనుమరాలు వెంటనే పాతదానిని తుడిచివేయకూడదు. ముందు ఆయన ఫైళ్ళను వేరే డిస్కులోకి ప్రతి తీయాలి. తరువాత పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను తాత్కాలికంగా నడిపి చూడాలి. పాత సిస్టమ్‌ను తాకకుండానే ప్రింటరు పలుకుతున్నదో లేదో, తెలుగు టైపు కుదురుతున్నదో లేదో ఇలా పరీక్షించవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా తాతగారిని కూర్చోబెట్టి, ఆయన చేతనే రెండు రోజులు వాడించి, అంగీకారం పొందాలి. వాడవలసినవారిని అడగకుండా చేసే ఎంపిక ఎంత తెలివైనదైనా నిలవదు.

రౌటరు విషయంలో చేయవలసినవి కొన్నే. దానితో వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చాలి. వైఫైకి పాతబడిన డబ్ల్యూఈపీ పద్ధతి కాక, డబ్ల్యూపీఏ 2 లేదా 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ 3 భద్రతా పద్ధతిని ఎంచుకోవాలి. రౌటరుకూ అప్‌డేట్లు ఉంటాయని గుర్తుంచుకోవాలి. టీవీని, కెమెరాను, వచ్చిపోయే అతిథుల ఫోన్లను వేరుగా ఉంచడానికి చాలా రౌటర్లలో అతిథి నెట్‌వర్క్ అనే సదుపాయం ఉంటుంది. పూర్వపు ఇళ్ళలో వచ్చినవారిని వీధి అరుగు మీద కూర్చోబెట్టి మర్యాద చేసేవారే కాని, పెట్టె ఉన్న గదిలోకి తీసుకుపోయేవారు కాదు. కదలని డెస్క్‌టాప్‌ను వైఫైతో కాక తీగతో కలపడం ఉత్తమం. వైఫైలో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలు దూరం వెళతాయి కాని వేగం తక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలు వేగవంతమైనవే కాని కాంక్రీటు గోడలను దాటలేక నీరసిస్తాయి. ఈ మాత్రం తెలిస్తే రౌటరును అలమరలో దాచకుండా ఇంటి నడిమధ్య ఎత్తయిన చోట ఎందుకు ఉంచాలో అర్థమవుతుంది.

ఇదంతా సామాన్యులకు సాధ్యమా, నిపుణులకు వదిలేయడం మేలు కాదా అని కొందరు ప్రశ్నించవచ్చు. నిపుణుని సహాయం తీసుకోవడంలో తప్పు లేదు. కాని ఇల్లు కట్టే మేస్త్రీకి వంటగది ఎటువైపు ఉండాలో చెప్పవలసినది ఇంటివారే. ఏ యంత్రం మీద ఏ పని జరుగుతున్నది, ఏ ఫైలు పోతే గుండె తరుక్కుపోతుంది, ఎవరికి ఏ భాషలో తెర కావాలి అన్న సంగతులు నిపుణునికి తెలియవు. పైగా ఒకసారి అమర్చి మరచిపోయే పని కాదిది. నెలకొకసారి అప్‌డేట్లను, ఆరునెలలకొకసారి ప్రతులను చూసుకోవడానికి ఇంట్లో ఒకరు ఉండాలి.

చాలా ఇళ్ళలో ఆ ఒకరు జూనియర్ కళాశాల విద్యార్థే. "మా అమ్మాయికి అన్నీ తెలుసు" అని మురిసిపోయే తల్లిదండ్రులు ఆ అమ్మాయి చేతిలో ఏమి పెట్టారో ఎప్పుడూ లెక్కించి చూసుకోరు. తండ్రి బ్యాంకు ఖాతా, తాతగారి పింఛను కాగితాలు, పోయిన నానమ్మ ఫోటోలు అన్నీ ఆ యంత్రాల మీదే ఉన్నాయి. వేగంగా టైపు చేయడం, కొత్త ఫోనును అందరికంటే ముందు విప్పి చూడటం నైపుణ్యమే కావచ్చు. పెద్దలు నమ్మి అప్పగించినదానిని కాపాడటం అంతకంటే పెద్ద విద్య. ఆ విద్యకు కావలసినది ఖరీదైన యంత్రం కాదు. ఎంపిక చేసే ముందు కావలిని గురించి, పనిని గురించి, దారిని గురించి నిలిచి ఆలోచించే అలవాటు. యంత్రాలు మారుతాయి, సంస్థలు మారుతాయి, నేటి సిస్టమ్ పేర్లు పదేళ్ళకు పాతబడతాయి. ఈ అలవాటు ఉన్న ఇల్లు ఏ మార్పు వచ్చినా నిశ్చింతగా ఉండగలదు.